నైరుతి గోడకు కన్నం

పోర్ట్ బ్లెయిర్ గురించి ఎవరైనా నీలి సముద్రం, కొబ్బరిచెట్లు అని మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు జనవరిలో వచ్చి ఫిబ్రవరిలో పోయినవాళ్ళు. నేను అక్కడే పుట్టాను. అక్కడి వానలో నాని, బూజు పట్టి, పెద్దదాన్నయ్యాను. ఆ ఊరనగానే నాకు గుర్తొచ్చేది వాసన. తడిసిన గోనెసంచిని మూల పడేసి మరిచిపోతే వస్తుందే, ఆ వాసన. అది బట్టల్లో ఉండేది, బియ్యంలో ఉండేది, బడి పుస్తకాల్లో ఉండేది, పెళ్ళిళ్ళకు కట్టుకునే పట్టుచీరల్లో కూడా ఉండేది. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు ఎగబీల్చి, ఇక్కడేదో కుళ్ళినట్టుంది అనేవారు. ఏదో కాదు, ఊరే.

మే నెల సగం కాకుండానే నైరుతి నుంచి వాన మొదలవుతుంది. అది తెరిపిచ్చిందనుకుని దుప్పట్లు బయట ఆరేసేలోగా ఈశాన్యం నుంచి ఇంకోటి దిగుతుంది. గోడకు కొత్త క్యాలెండర్ తగిలించేదాకా అంతే. తర్వాత ఎండలొస్తాయి కదా, హాయి అనుకుంటారు. హాయీ లేదు, పాడూ లేదు. ఊరంతా గుట్టలు. పడ్డ నీరు పడ్డట్టే జారి సముద్రంలో కలిసిపోతుంది. మార్చి వచ్చేసరికి కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళలో నాని, మిగిలిన పావు భాగం బిందెలు పట్టుకుని నీళ్ళకోసం ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకునే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. చుట్టూ సముద్రం ఉందిగా అంటారు కొందరు. వాళ్ళ చేత ఒక గ్లాసుడు తాగించాలి.

చెమ్మని మా ఊళ్ళో అందరూ సీలన్ అనేవారు. బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు, మేము, అందరం ఆ ఒక్క హిందీ మాట దగ్గర కలిసేవాళ్ళం. సీలన్ పట్టని వస్తువు లేదు. ఉప్పుజాడీ మూత తీస్తే అడుగున నీళ్ళు. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి వేలికి అంటుకునేది. అప్పడాలు వేయించి పళ్ళెంలో పెట్టి, చారు పోసుకునేలోగా తోలుముక్కల్లా మెత్తబడేవి. నాన్న తోలుచెప్పులు కొన్నాళ్ళు వేసుకోకపోతే వాటి మీద పచ్చటి నూగు మొలిచేది. అలమారాలో పగలూ రాత్రీ ఒక బల్బు వెలుగుతూ ఉండేది, బట్టలకు వెచ్చదనం కోసం. కరెంటు పోతే మా ఇంట్లో చీకటి గురించి ఎవరికీ దిగులు లేదు, అలమారా గురించే. ఒకసారి కరెంటు పోయి ఎంతకీ రాకపోతే అమ్మ పెళ్ళిచీర మీద నల్లటి చుక్కలు అమ్మవారు పోసినట్టు లేచాయి. అమ్మ దాన్ని వాసన చూసి, మళ్ళీ మడిచి లోపల పెట్టేసింది. నేనైతే చింపి మసిగుడ్డ చేసేదాన్ని.

మొదట్లో మేము జంగ్లీఘాట్‌లో అద్దెకుండేవాళ్ళం. కింద పడవలు చేపలు దించే రేవు, పైన మా ఇల్లు. పడవలొచ్చిన పూట చేపల వాసన, రాని పూట నిన్నటి చేపల వాసన. గుట్ట మీదినుంచి వచ్చే మురుగంతా మా వీధి మీదుగానే రేవులోకి పోవాలి. వాన పెద్దదైతే ఆ మురుగు కాలువ వదిలేసి మెట్లెక్కేది. చేపల పొలుసులు, కొబ్బరిపీచు, ఎవరింటివో విస్తరాకులు మా గడపకు వచ్చి ఆగేవి. అమ్మ చీపురుతో తోసేది. అవి ఇంకో వానకు తిరిగొచ్చేవి.

నాన్న బడిపంతులు. శ్రీకాకుళం వైపు నుంచి సర్కారు ఉద్యోగానికి ఓడెక్కి వచ్చాడు. చెప్పేది భూగోళం. గాలులు ఎందుకు వీస్తాయి, నదులు ఎటు పారతాయి, కొండకు ఏ వైపు వాన ఎక్కువ పడుతుంది, ఇవన్నీ నల్లబల్ల మీద బొమ్మలు గీసి ఎంత బాగా చెప్పేవాడంటే, నాకు ఆయన క్లాసులో ఒక్కసారి కూడా నిద్ర రాలేదు. కానీ బడి గేటు దాటితే ఆ విద్య అక్కడే ఉండిపోయేది. గేటు ఇవతల ఆయనకు పనికొచ్చే విద్య వేరే ఉంది. వాస్తు. దాన్ని ఆయన తాతగారి దగ్గర నేర్చుకున్నాడు, కొబ్బరిచెట్లు తప్ప ఎత్తయినది ఇంకేదీ లేని బల్లపరుపు ఊళ్ళో.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరూ తూర్పు, పడమర అనరు. దారి అడిగితే పైకి వెళ్ళు అంటారు, కిందికి దిగు అంటారు. మా ఆంధ్రావాళ్ళం మాత్రం తూర్పువైపు ఇల్లు, దక్షిణం సందు అంటూ అడిగేవాళ్ళం. అవతలివాళ్ళు మొహాలు చూసుకునేవాళ్ళు. నాన్నకు అది పెద్ద అవమానంగా ఉండేది. జేబులో ఒక చిన్న దిక్సూచి పెట్టుకుని తిరిగేవాడు.

"తూరుపెటో తెలీని ఊళ్ళో బతుకుతున్నాం. మన ఇల్లయినా మన ఇల్లులా ఉండాలి," అనేవాడు.

ఊరి శివార్లలో, ఆస్టినాబాద్‌లో, గుట్ట వాలులో ఆయనకు కొంచెం స్థలం దొరికింది. అమ్మ సంబరపడింది. పెళ్ళయి ఓడ దిగిన ఏడాది నుంచి ఆవిడకు ఆయాసం. వానాకాలం వస్తే ఛాతీలో పిల్లికూతలు. రాత్రుళ్ళు పడుకోలేక గోడకు చేరగిలబడి కూర్చునేది. బూజు వాసన తగలకూడదని ఆసుపత్రిలో చెప్పేవారు. ఈ ఊళ్ళో బూజు తగలకుండా ఉండడమంటే చేప ఒళ్ళు తడవకుండా ఉండడమే. అయినా సొంత ఇల్లంటే ఒక పొడి గది దొరుకుతుందని అమ్మ ఆశ. ఆవిడకు కావలసింది అదొక్కటే. పెద్ద ఇల్లూ వద్దు, మేడా వద్దు, గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి తడవని ఒక్క గది.

మా పక్కన అప్పటికే ఒక ఇల్లుండేది. ఇక్కడే పుట్టిపెరిగిన ఒకావిడది. అమ్మ ఆవిణ్ణి దీదీ అనేది, ఆవిడ అమ్మను దీదీ అనేది. వాళ్ళ ఇల్లు చెక్క ఇల్లు. లావుపాటి గుంజల మీద నిలబెట్టి, కింద ఖాళీ వదిలేశారు. వాన నీళ్ళు పైనుంచి వచ్చి, ఆ ఖాళీలోంచి దూరి, కిందికి పోయేవి. నీళ్ళ దారికి పక్కగా, మెరక మీద ఆవిడ మేకలు నిలబడేవి, హాయిగా నెమరేసుకుంటూ. వాళ్ళదే కాదు, ఆ వాలులో అందరి ఇళ్ళూ అంతే. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, నాన్న ఒక్కడే ఒప్పుకోలేదు.

"కాళ్ళ మీద నిలబెట్టేది కోళ్ళగూడు. మనిషి భూమ్మీద పడుకోవాలి," అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. దిక్సూచి పెట్టి చూశాడు. మా స్థలానికి గుట్ట ఈశాన్యం వైపున లేచి ఉంది, నేల నైరుతికి వాలి ఉంది. వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లం ఉండాలి, నైరుతి మెరక ఉండాలి. అంటే దేవుడు మా స్థలాన్ని సరిగ్గా తలకిందులుగా చేశాడన్నమాట. నాన్న దేవుడి తప్పు దిద్దడానికి పూనుకున్నాడు. కూలీలను పెట్టి ఈశాన్యం వైపు గుట్టను తొలిపించాడు. ఆ మట్టి మోయించి నైరుతి మూల పోయించి, అది జారిపోకుండా దక్షిణానికీ పడమరకీ రాతిగోడ కట్టించాడు. తవ్విన ఈశాన్యం గుంటలో ఒక బావి, దాని పక్కన ఇంటి ఈశాన్యం గదిలో పూజ.

అమ్మ ఆ మట్టి మోత చూస్తూ ఊరుకోలేదు. "ఏవండీ, నీరు పల్లమెరుగు అన్నారు గానీ, వాస్తు ఎరుగు అన్లేదు. ఆ గుట్ట మీది నీరంతా ఎటెల్తాది? ఇటే కదా వొస్తాది?" అంది.

"వస్తే బావిలోకి పోతుంది. ఈశాన్యం నీళ్ళు లక్ష్మి," అన్నాడు నాన్న.

లక్ష్మి మొదటి వానకే వచ్చింది. ఒంటరిగా రాలేదు. గుట్ట మీద మాకు పైన ఉన్నవాళ్ళకు పశువుల పాక ఉంది. ఆ పేడ, ఆ ఉచ్చ, ఎరుపు బురద, కుళ్ళిన ఆకులు, అన్నిటినీ వెంటబెట్టుకుని వచ్చింది. బావి నిండింది. తర్వాత గుంట నిండింది. బయటికి పోదామంటే కింద రాతిగోడ. పోయే దారి లేక ఇంటి చుట్టూ నిలిచి, పునాది తాగి, గోడల్లోంచి పైకి లేచింది. మొదట మోకాలెత్తు వరకూ గోడ రంగు మారింది. తర్వాత నడుమెత్తు. సున్నం పొక్కిపోయి, ముట్టుకుంటే పెచ్చులుగా చేతికొచ్చేది. పెచ్చు వెనక నల్లటి బూజు. దాని వాసన ఇప్పటికీ నాకు తెల్లవారుజామున కలలో వస్తుంది. లేచి వాంతి చేసుకోవాలనిపిస్తుంది.

పక్కింటి దీదీ తన మెట్ల మీద నిలబడి చూసి, "దీదీ, తుమ్హారా ఘర్ తో తాలాబ్ బన్ గయా," అంది. మీ ఇల్లు చెరువైపోయింది అని.

"ఔను దీదీ, చెరువు గట్టున బంగళా కట్టించారు మా మాస్టారు," అంది అమ్మ, తెలుగులోనే. నవ్వబోయింది, దగ్గొచ్చింది.

తర్వాత నత్తలు వచ్చాయి. మా ఊరి నత్తల గురించి తెలియనివాళ్ళు అదృష్టవంతులు. పిడికిలంత ఉంటాయి. యుద్ధం రోజుల్లో జపాన్‌వాళ్ళు తిండికని తెచ్చి వదిలారని పెద్దలు చెప్పుకునేవారు. తెచ్చినవాళ్ళు పోయారు, నత్తలు పోలేదు. చెమ్మగోడ అంటే వాటికి ప్రాణం. సాయంత్రమయ్యేసరికి గోడల మీద, కిటికీల మీద, పూజగదిలో దేవుడి పటాల అద్దాల మీద జిగురు గీతలు గీసుకుంటూ పాకేవి. చీకట్లో కాలు వేస్తే పటుక్కుమనేది, తర్వాత కాలివేళ్ళ మధ్య చల్లగా ఏదో జారేది. ఉప్పు చల్లితే నురగలు కక్కి చస్తాయని అంటారు. మా ఉప్పే నీళ్ళు, ఇంక చల్లేదేమిటి? నేను వాటిని చీపురుపుల్లలతో చేటలోకెత్తి గోడ అవతల పారేసేదాన్ని. గోడ ఎక్కి మళ్ళీ వచ్చేవి. నత్తలతో పాటు జెర్రులు, జెర్రుల కోసం కోళ్ళు, కోళ్ళ వెనక వాటి రెట్ట. నాన్న లక్ష్మికి పరివారం పెద్దదే.

అమ్మకు ఆయాసం జంగ్లీఘాట్‌లో ఉన్నదానికి రెండింతలైంది. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయేది. రెండు మాటలు అని ఆగేది, గాలి పీల్చేది, ఇంకో రెండు మాటలు. తగువు పెట్టుకోవడానికి కూడా ఊపిరి చాలక, నాన్న వైపు ఊరికే చూసేది. ఆవిడ తిట్లు సగంలో ఆగిపోతుంటే నాకు ఏడుపొచ్చేది.

నాన్న ఊరికే కూర్చున్నాడని అనను. గోడలకు తారు పూయించాడు. గదుల మూలల్లో బొగ్గుల బస్తాలు పెట్టించాడు. కుంపట్లు వెలిగించాడు, ఆ పొగకు అమ్మ ఇంకా ఉక్కిరిబిక్కిరైంది. గోడలకు రెండోసారి సిమెంటు పూయించాడు. అది లోపలి చెమ్మను దాచిపెట్టి, తర్వాత పెద్ద పలకల్లా ఊడిపడింది. చేయనిది ఒక్కటే. అమ్మ అడిగింది కూడా ఆ ఒక్కటే.

"ఆ నైరుతి గోడకి... ఒక్క కన్నం... పెట్టించండి. నీరు... పోతాది," అనేది అమ్మ.

"ఆ మూల మాత్రం ముట్టుకోకూడదు," అనేవాడు నాన్న.

ఎందుకు ముట్టుకోకూడదో చెప్పేవాడు కాదు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని నేను మొహం మీదే అన్నాను ఒకసారి. అప్పటికి నేను పెద్ద క్లాసులో ఉన్నాను, నోరు కూడా పెద్దదే. నాన్న కోప్పడలేదు. మొహం తిప్పుకుని, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బడిలో ఆ మర్నాడే పిల్లలకు వాలులు, నీటి ప్రవాహం గురించి పాఠం చెప్పాడు. నేను ఆ పాఠం వింటూ పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

రెండో వానాకాలంలో ఆసుపత్రి డాక్టరు తేల్చేశాడు. పొడిగా ఉండే గది ఒక్కటి చూపించండి, లేదంటే మెయిన్‌ల్యాండ్ పంపించేయండి, ఈ ఒక్క ఏడాదికి కాదు, అక్కడే ఉండిపోతే మేలు అన్నాడు. మెయిన్‌ల్యాండ్ అంటే విశాఖపట్నంలో మా మేనమామ ఇల్లు. అంతకుముందు, జంగ్లీఘాట్‌లో ఉన్నప్పుడు, ఒక వానాకాలం అమ్మ అక్కడ ఉండి వచ్చింది. వెళ్ళిన వారానికి వంటిల్లు ఆవిడ చేతికొచ్చింది, తర్వాత గిన్నెలు, తర్వాత మంచం పట్టిన మామయ్య అత్తగారి సేవ. ఆడపడుచు ఊరికే తిని కూర్చుంటోందని ఎవరూ అనకూడదు కదా, అన్నీ చేసేది. తిరిగొచ్చాక ఆవిడ నాతో ఒక్క మాట అంది.

"అక్కడ ఊపిరాడతాది గానీ నోరాడదు."

నాన్న ఓడ టిక్కెట్టు తెచ్చాడు. ఒకటే టిక్కెట్టు. నా చదువు, ఆయన ఉద్యోగం ఇక్కడే. అమ్మ ట్రంకు పెట్టె దించి, లోపలి బూజు తుడిచి, వేపాకు వేసి సర్దడం మొదలుపెట్టింది. వెళ్ళనని ఒక్కసారి కూడా అనలేదు. చీరలు మడతలు పెడుతూ, మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటూ, గోడల వైపు చూసేది. ఆ గోడలంటే నాకు అప్పుడు పుట్టిన రోత ఇప్పటికీ పోలేదు. మనుషులను ఇంట్లోంచి గెంటేసే గోడలు, వాటికి పసుపు బొట్లు కూడా పెట్టారు.

ఓడ ఎక్కవలసిన ముందురోజు మధ్యాహ్నం వాన విరిగిపడింది. నాన్న బడిలో ఉన్నాడు. నాకు ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉన్నాను. పైన పశువుల పాక కట్ట తెగినట్టుంది, ఒక్కసారిగా పేడనీళ్ళు వరదలా దిగాయి. గుంట నిండి, గడప దాటి, పూజగదిలోకి వచ్చేశాయి. అమ్మా నేనూ పరిగెత్తాం. దీపం కుందులు తేలుతున్నాయి. దేవుడి పటాలు అడ్డంగా పడి ఉన్నాయి, వాటి మీదికి ఎక్కి కూర్చున్న నత్తలు కళ్ళకొమ్ములు చాచి చూస్తున్నాయి. అమ్మ ఒక పటాన్ని ఎత్తి, దాని మీది నత్తను వేళ్ళతో పీకేసింది. జిగురు సాగింది. పటంలో ఉన్నది లక్ష్మీదేవే. అమ్మ ఆ పటాన్ని చీరకుచ్చిళ్ళతో తుడిచి అటక మీద పెట్టింది. తర్వాత వసారా చివరికి వెళ్ళి గునపం తీసుకుంది.

"అమ్మా, ఎక్కడికి?" అన్నాను.

జవాబు చెప్పే ఊపిరి లేదు. చేత్తో పార చూపించింది. పట్టుకుని వెంట వెళ్ళాను.

నైరుతి మూల మట్టి మీద ఎక్కడానికే ఆవిడ మూడుచోట్ల ఆగింది. గోడకు ఇవతల మట్టి నన్ను తవ్వమంది. తను గోడ అడుగున రెండు రాళ్ళ మధ్య సందు చూసి గునపం పెట్టింది. ఒక పోటు పొడిచి, గునపం మీద వాలి, గాలి పీల్చుకుని, ఇంకో పోటు. వానకు ఆవిడ జుట్టు ముడి ఊడిపోయింది. పిల్లికూతలు వానచప్పుడు దాటి వినిపిస్తున్నాయి. నేను తవ్వుతున్నానా, ఏడుస్తున్నానా నాకే తెలియలేదు. పక్కింటి దీదీ తన వసారాలోంచి ఏదో అరుస్తోంది, ఆ మేకలు ఎప్పటిలాగే పొడిగా నిలబడి చూస్తున్నాయి.

రాయి కదులుతున్నప్పుడు నాన్న వచ్చాడు. బడి వదిలి, వాన చూసి కంగారుగా వచ్చినట్టున్నాడు. గొడుగు చేతిలో ఉంది, తెరవలేదు. మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఒసే, వద్దే. ఆ మూల వద్దన్నానా," అన్నాడు. ఆ గొంతు కోపానిది కాదు.

అమ్మ గునపం దించలేదు.

"నైరుతిలో దారి తెరిస్తే ఇంటి ఇల్లాలికి గండమే. తాతగారు చెప్పారు. మా అమ్మ అలాగే పోయింది. నైరుతి గోడ కూలిన ఏడాదే పోయింది. నువ్వు ఎక్కడున్నా బతికుంటే చాలనే కదా ఆ టిక్కెట్టు కొన్నాను," అన్నాడు.

ఇన్నాళ్ళూ నోరు విప్పని మాట అది. ఆవిడ చచ్చిపోతుందన్న భయంతో ఆవిడకు ఊపిరాడకుండా చేసిన మనిషి, వానలో తడుస్తూ, బడిపిల్లాడిలా నిలబడ్డాడు. నాకు జాలి వేయలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. ఇంత భూగోళం చదివి, ఇంత ప్రేమ పెట్టుకుని, రెండిటినీ కలిపి ఒక పేడగుంట చేశాడే అనిపించింది.

అమ్మ ఆయన వైపు తిరిగింది. ఒక్కొక్క మాటకూ ఆగుతూ చెప్పింది. "గండం... గడప దాటి... లోపలికొచ్చి... కూకుంది. దానికి... బైటికెల్లే దారి... ఇస్తన్నాను. మీరు... అడ్డు తప్పుకోండి."

నాన్న తప్పుకోలేదు. దగ్గరికొచ్చాడు. గునపం లాక్కుంటాడని నేను పార ఎత్తి పట్టుకున్నాను. ఆయన గొడుగు తెరిచి ఆవిడ తల మీద పట్టాడు. పట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అమ్మ ఇంకో రెండు పోట్లు పొడిచింది. రాయి ఊడి అవతలికి దొర్లింది.

ఆ తర్వాత మేము చేయవలసింది ఏమీ లేకపోయింది. మోసుకొచ్చి పోసిన మట్టే కదా, నీళ్ళకు దారి దొరకగానే అవే కోసుకుపోయాయి. ఎంత తిరగతోడినా అసలు నేల ఇంకా నైరుతికే వాలి ఉంది. పేడ, ఆకులు, నత్తలు, ఒక దీపం కుంది, అన్నీ ఆ కన్నంలోంచి బుడబుడమంటూ బయటికి పోయాయి. దీదీ మేకలు ఉలిక్కిపడి పక్కకు జరిగాయి. చీకటి పడేవేళకు పూజగది గచ్చు కనిపించింది.

మర్నాడు ఓడ వెళ్ళిపోయింది. అమ్మ ఎక్కలేదు. ట్రంకు పెట్టెలోంచి చీరలు తీసి మళ్ళీ అలమారాలో బల్బు దగ్గర సర్దుకుంది. గోడలు ఒక్కరోజులో ఆరవు, ఆ ఏడాదంతా చెమ్మగానే ఉన్నాయి. కానీ ఎండలు వచ్చి పోయి, తర్వాతి వానలు దిగినప్పుడు, లోపలి గది గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి తడవలేదు. అమ్మ మంచం ఆ గదిలోకి మారింది. ఊరు మాత్రం ఏమీ మారలేదు. చెప్పుల మీద నూగు మొలుస్తూనే ఉంది, అప్పడాలు మెత్తబడుతూనే ఉన్నాయి. ఒక్క గది పొడిగా ఉంది, అంతే.

నాన్నకు మాత్రం ఆ ఏడాదంతా శాంతి లేదు. పొద్దున్నే లేచి అమ్మ గది గుమ్మంలో నిలబడి, దుప్పటి కదులుతోందా లేదా అని చూసేవాడు. కదిలితే వెళ్ళి పళ్ళు తోముకునేవాడు. అమ్మకు చిన్న జలుబు చేసినా ఆ మూల వైపు చూసేవాడు. కన్నం పూడ్చేస్తాడేమోనని నేను కాపలా కాసేదాన్ని. దాని దగ్గరికి వెళ్ళేవాడే కాదు.

ఆ వానాకాలంలోనే ఒక సాయంత్రం కన్నానికి కొబ్బరిమట్టలు, పనస ఆకులు అడ్డుపడి నీళ్ళు మళ్ళీ నిలవడం మొదలైంది. నేను గొడుగు వెతుక్కుని బయటికి వెళ్ళేసరికి నాన్న అప్పటికే నైరుతి మూల ఉన్నాడు. పంచె ఎగగట్టి, మోకాళ్ళ దాకా పేడనీళ్ళలో నిలబడి, గునపంతో ఆకులు లాగుతున్నాడు. ఆకులు లాగడంతో ఆగలేదు. ఆ కన్నం చాలదని పక్కరాయి మీద పోటు వేశాడు. ఒక్కొక్క పోటుకూ ఏదో గొణుగుతున్నాడు. దగ్గరికి వెళ్తే వినిపించింది.

"ఇది నేను పెట్టిన కన్నం. ఆవిడది కాదు. ఏదున్నా నాకే. ఇది నేను పెట్టిన కన్నం..."

వాన ఆయన వీపు మీద కొడుతోంది. పిక్కకు ఒక జలగ పట్టుకుని ఉబ్బి వేలాడుతోంది, ఆయనకు తెలియదు. నేను పీకేద్దామని వంగుతుండగా వెనక గది కిటికీ రెక్క తెరుచుకుంది. అమ్మ ఊచలు పట్టుకుని చూస్తోంది. అంతా విన్నట్టే ఉంది.

"మంత్రాలు చాల్లెండి మాస్టారూ, ఇంకాస్త కిందకి కొట్టండి, ఆ పాచినీళ్ళు అడుగునే ఉండిపోతన్నాయి, కాలికి జలగ పట్టింది సూసుకోండి, లోపలికొచ్చేప్పుడు ఆ పేడకాళ్ళు కడుక్కుని మరీ రండి," అంది.

గునపం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నాన్న నా వైపు తిరిగి చూశాడు. అంత మాటనీ అమ్మ ఒక్క ఊపిరిలో అంది.